కుళ్లాయప్పన్న పెట్టిన పదహారు

మొన్న పొద్దున మూలనున్న పాత కంప్యూటర్ పక్కరేకు ఊడదీసి, ఫ్యాను మీద కుంచెతో ఒక్కసారి గీశానో లేదో, ఎప్పుడో మాడిన దుమ్ము వాసన గుప్పుమంది. మా వైపు దుమ్ములో సగం ఎర్రమట్టి, సగం పట్టు నూగు. రెండూ కలిసి ఇనుము మీద కాగితే పెనం మీద మట్టి వేయించినట్టు ఉంటుంది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒక పెళ్లిచీర కొంగు గుర్తొస్తుంది. పదేళ్లు దాటాయి. బత్తలపల్లెలో నాకిప్పుడు సొంత డిజైన్ దుకాణం ఉంది, కొత్త కంప్యూటర్లు రెండున్నాయి. అయినా ఈ పాతదాన్ని పారేయలేదు. పక్కరేకు లోపలి వైపు పెన్సిల్‌తో రాసిన అంకెలు చెరిగిపోకుండా ఉన్నాయి. పద్నాలుగు, పదిహేను, పదహారు అని కుళ్లాయప్పన్న చేతిరాత. దాని కింద పద్దెనిమిది అని రాసి అడ్డంగా కొట్టేసి ఉంది. అది నా చేతిరాత.

చదివేవాళ్లకు కుళ్లాయప్పన్న తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. ధర్మవరంలో ఒక సందు చివర రెండు గదుల దుకాణం ఆయనది. పట్టుచీరల అంచులకూ కొంగులకూ డిజైన్లు గీసి ఇవ్వడం పని. కంప్యూటర్‌లో గళ్లు నింపుకుంటూ బొమ్మ గీస్తాం. ఆ బొమ్మను కంప్యూటర్ వరస వరసగా లెక్కలోకి మారుస్తుంది. ఆ లెక్క ప్రకారం పంచింగ్ మిషను అట్టలకు రంధ్రాలు కొడుతుంది. ఒక్కో అట్ట చీరలో ఒక్కో వరస. వందల అట్టలను తాడుతో గొలుసులా కుట్టి మగ్గం మీది జాకార్డు యంత్రానికి ఎక్కిస్తారు. రంధ్రం ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట లేవదు. మగ్గానికి తెలిసింది అంతే. కుళ్లాయప్పన్న మోకాళ్లు పనిచేసినంత కాలం గుంటమగ్గంలో నేశాడు, అవి మొరాయించాక చేత్తో అట్టలు కొట్టాడు, యాభై ఏళ్ల వయసులో కంప్యూటర్ నేర్చుకున్నాడు. కళ్లజోడుకు ఒక కాడ విరిగిపోతే పట్టుదారంతో చెవికి కట్టుకున్నాడు. కొత్తది కొనుక్కోమంటే, కట్టింది నిలబడి ఉంది కదా అనేవాడు.

నేను అనంతపురంలో కంప్యూటర్ డిప్లొమా చేసి, బత్తలపల్లె నుంచి రోజూ బస్సెక్కి ఆయన దగ్గర పనికి పోయేదాన్ని. అప్పటికే నాకు భయస్తురాలని ఇంట్లో పేరు. బస్సు తప్పిపోతుందని బస్సు రావడానికి అరగంట ముందే వెళ్లి నిలబడేదాన్ని. తాళం వేశానో లేదోనని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చేదాన్ని. మొదటి రోజు ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూసి, "కంప్యూటర్ వచ్చునా?" అన్నాడు.

"వచ్చన్నా. డిప్లొమా చేసినా."

"మంచిది. ఇప్పుడే దాని జోలికి పోవద్దు. ముందు ఈ అట్టలు సదువు."

"అట్టల్లో ఏముంటాదన్నా సదివేదానికి? బొక్కలే కదా."

"బొక్కలే. అవే సదువు."

డిప్లొమా చేసింది దీనికా అని నాకు ఒళ్లు మండింది. వారం రోజులు కిటికీ దగ్గర నిలబడి ఒక్కో అట్టనూ వెలుతురుకు ఎత్తి, రంధ్రాలను గీసిన బొమ్మతో పోల్చి చూశాను. ఆయన అటూ ఇటూ తిరుగుతూ, "ఎట్లుండాది? బాగుండాదా?" అనేవాడు. నేను వెంటనే, "బాగుందన్నా," అనేదాన్ని. ఆయన ఆగి అడిగేవాడు. "చూసి చెప్పినావా, చెప్పి చూస్తాండావా?" మొదట్లో ఇది ఎగతాళి అనుకున్నాను. ఎగతాళి కూడా ఉంది అందులో. కానీ నేను నిజంగానే చెప్పి చూసేదాన్ని. బాగాలేదంటే ఎదుటి మనిషి ముఖం మారుతుంది. ఆ ముఖం చూడలేక ముందు బాగుందనేసి, ఆ తర్వాత బాగుండాలని కోరుకునేదాన్ని.

ఈ కంప్యూటర్ అనంతపురంలో మూతపడిన ఒక ఇంటర్నెట్ సెంటర్ నుంచి వచ్చింది. అప్పటికే పాతది. చిన్న అంచైతే పర్వాలేదు కానీ, పెద్ద కొంగు డిజైన్‌ను అట్టల లెక్కలోకి మార్చాలంటే రెండు గంటల పైనే తీసుకునేది. బాగుచేసేవాడొకడు వచ్చి, ఈ ప్రాసెసర్‌కు కంపెనీవాళ్లు తాళం వేయలేదు, వేగం మనమే పెంచుకోవచ్చు అని చెప్పి వెళ్లాడు. కుళ్లాయప్పన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కంప్యూటర్ వెలగగానే ఒక మీట నొక్కితే నీలం తెర వస్తుంది. అందులో ఇంగ్లీషు వరసల మధ్య క్లాక్ మల్టిప్లయర్ అని ఒకటుంది, దాని ఎదురుగా పద్నాలుగు.

"ఇదేందమ్మా సుజాతా, కొంచెం ఇడమర్చి చెప్పు," అన్నాడు.

డిప్లొమా అక్కరకొచ్చిందని నాకు సంతోషం వేసింది. బోర్డు మీద ఒక గడియారం రెండు వందల లెక్కన కొట్టుకుంటూ ఉంటుందనీ, ప్రాసెసర్ ఆ రెండు వందలను ఈ అంకెతో హెచ్చవేసుకుని ఆ వేగంతో పరుగెత్తుతుందనీ, గడియారాన్ని కదపకుండా ఈ అంకె పెంచితే చాలనీ చెప్పాను.

"ఓహో. పవర్‌లూమ్ కతే. మోటారు అదే, పుల్లీ మారిస్తే మగ్గం దూకుతాది."

"అంతే అన్నా."

"మగ్గం దూకితే పోగు తెగుతాది కదమ్మా."

"వేగం తట్టుకోలేకపోతే కంప్యూటరే ఆగిపోతాదన్నా. మనకు తెలిసిపోతాది."

ఆయన స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. "తెగి ఆగితే మంచిదే. తెగి ఆగకపోతే?"

నా జవాబు కోసం ఆయన ఆగలేదు. పక్కరేకు విప్పి, లోపలి వైపు పెన్సిల్‌తో పద్నాలుగు అని రాసి, తెర మీద అంకెను పదిహేను చేశాడు. ఆ తర్వాత వారం రోజులు ఆయన చేసిన పని చూస్తే పిచ్చిపట్టిందనుకోవాలి. రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు, గదిలో ఫ్యాను వేడిగాలి కొడుతున్నప్పుడు, ఒకే హంసల అంచును రెండుసార్లు లెక్కలోకి మార్పించేవాడు. రెండు ఫైళ్లనూ పోల్చమనేవాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూస్తే సరిపోదా అని అడిగాను. "పొద్దున పూట ముసలెద్దు కూడా మడక లాగుతాది. మూడు గంటలకు చూడల్ల," అన్నాడు. వారం గడిచాక రేకు మీద పదిహేను రాసి, అంకెను పదహారు చేశాడు. మళ్లీ వారం. పదహారు కూడా రాశాక పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు. "ఇంగొకటి పెంచి చూద్దామన్నా," అన్నాను. "ఈడికి చాలు," అన్నాడు.

పాత అంకెలు ఎందుకు రాయడమని అడిగితే నన్ను వీధిలోకి తీసుకెళ్లి ఎదురింటి మగ్గం చూపించాడు. అక్కడ పడుగు, అంటే నిలువు దారాలు, అతుకుతున్నారు. మగ్గం మీద ఒక పడుగు అయిపోయినప్పుడు నేతగాళ్లు దాన్ని మొత్తంగా విప్పేయరు. పాత పడుగు కొసలను అలాగే ఉంచి, వాటికి కొత్త పడుగు కొసలను ఒక్కో దారం చొప్పున వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. వేల దారాలు. పాతది తీసేస్తే కొత్తదాన్ని మొదటి నుంచి మగ్గంలో సూదిబెజ్జం లాంటి ఒక్కో కంట్లో ఎక్కించుకోవాల్సి వస్తుంది. "చూసినావా? కొత్తది పట్టుకునేదాకా పాతది ఇడ్సకూడదు," అన్నాడు కుళ్లాయప్పన్న. ఆ మాట నాకు అప్పుడు అర్థమైందనే అనుకున్నాను.

తర్వాతి ఏడు మే నెలలో ఈశ్వరయ్య, రవణమ్మ దంపతులకు ఒక పెళ్లిచీర పని వచ్చింది. ఇద్దరూ మా సందులోనే మూడిళ్ల అవతల ఒకే మగ్గం మీద నేసేవాళ్లు. ఆ మగ్గమే వాళ్ల ఇల్లు. కొంగు నిండా హంసల వరసలు, ఎనిమిది వందల అట్టల డిజైన్. లగ్గం మూడు వారాల్లో ఉంది. చీరలో తప్పుంటే పెళ్లివాళ్లు ముట్టుకోరు, ఇచ్చిన పట్టూ జరీ వీళ్ల మెడకు చుట్టుకుంటాయి, మళ్లీ ఆ గడప నుంచి పని రాదు. కుళ్లాయప్పన్న బొమ్మ గీయడం పూర్తిచేసిన రోజునే కదిరి నుంచి కబురొచ్చింది, వాళ్లక్కకు బాగాలేదని. రెండు రోజుల్లో వస్తానన్నాడు. "మార్చి, రెండో తూరి మార్చి, పోల్చి, అట్టలు వెలుతురుకు చూసి ఇయ్యి. తొందరేం లేదు," అని చెప్పి బస్సెక్కాడు.

తొందరేం లేదని ఆయన అన్నాడు కానీ, రవణమ్మక్క మర్నాడు పొద్దున ఏడింటికే వచ్చి మా దుకాణం గడపలో కూర్చుంది. "ఎంతసేపమ్మా? లగ్గం దగ్గరికొస్తాంది. మగ్గం ఊరికే ఉండాది," అని ఒకటే పోరు. భయస్తులు జాగ్రత్తపరులని లోకం అనుకుంటుంది. అది తప్పు. భయం ముదిరితే మనిషి ఊరికే కూర్చోలేక ఏదో ఒకటి చేసేస్తాడు. మా నాయన ఒక ఏడు మబ్బు చూసి ఆగలేక, పదును రాకముందే శనగ విత్తనాలు వేసేశాడు. చీమలు తిన్నాయి, మిగిలినవి మాడిపోయాయి. నేను ఆయన కూతుర్నే. నీలం తెర తెచ్చి పదహారును పద్దెనిమిది చేశాను. రేకు విప్పలేదు, ఏమీ రాయలేదు. పరీక్ష మాత్రం చేశాను. పాత హంసల అంచును రెండుసార్లు మార్చి పోల్చాను, రెండూ ఒకటిగానే వచ్చాయి. అప్పటికి టైము ఎనిమిది. ఫ్యాను గాలి ఇంకా చల్లగానే ఉంది.

అంతలో కరెంటు పోయింది, వచ్చాక పెద్ద కొంగు పదకొండింటికి మొదలుపెట్టాను. పన్నెండున్నరకు తెర కదలకుండా బిగుసుకుపోయింది. ఆపి, మళ్లీ వెలిగించి, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి చివరిదాకా నడిచింది. పదహారు మీద అయ్యే దానికన్నా పావుగంట తక్కువ పట్టింది, అంతే. ఆ పావుగంట కోసమే ఇదంతా. బిగుసుకుపోయినందుకు పోయిన గంటన్నర సంగతి సరేసరి. రెండోసారి మార్చి పోల్చే ఓపిక రవణమ్మక్కకు లేదు, ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. సాయంత్రానికి అట్టలు కొట్టడం అయింది. వెలుతురుకు ఎత్తి చూడబోతుంటే ఆమె మూట కట్టడం మొదలుపెట్టింది. "ఇంగ చూసేదేముందమ్మా, మిషనే కదా కొట్టింది. బాగుండాయా?"

"బాగుండాయక్కా," అన్నాను. ఆమె మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది.

తెర బిగుసుకుపోయిన సంగతి మనసులో ముల్లులా ఉండిపోయింది. మరుసటి రోజు అంకెను పదహారుకు తెచ్చి, మూడు గంటల ఎండలో కొంగును మళ్లీ మార్పించాను. పోల్చాను. పదకొండు వరసలు తేడా వచ్చాయి. మూడోసారి మార్పించాను. రెండోదీ మూడోదీ ఒకటే. అంటే రవణమ్మక్క నెత్తిన పెట్టుకుని పోయిందే తప్పుది. పోగు తెగింది, యంత్రం ఆగలేదు. ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు తెలిసింది నాకు.

ఇక్కడే నేను ఇంకా పెద్ద తప్పు చేశాను. చీర ఒళ్లంతా నేసి, కొంగు చివర్లో నేస్తారు, మా వీధిలో నేను చూసింది అంతే. కొంగు మొదలుపెట్టడానికి ఇంకా పది రోజులుందని లెక్కవేసుకున్నాను. సరైన అట్టలు పదకొండు కొట్టి, ఏదో మాట మీద వాళ్లింటికి పోయి, ఎవరూ చూడకుండా గొలుసులో మార్చేస్తే సరి. ఎవరికీ తెలియదు, కుళ్లాయప్పన్నకు అసలే తెలియదు. మూడో రోజు పొద్దున అన్నం క్యారేజీ సంచిలో అడుగున పదకొండు అట్టలు పెట్టుకుని తేలు కుట్టిన దొంగలా వాళ్ల గడప ఎక్కాను.

మగ్గం నడుస్తోంది. ఈశ్వరయ్య గుంటలో కూర్చుని తొక్కుతున్నాడు. నేసిన బట్ట మీద హంసలు. కొంగే.

"అప్పుడే కొంగా అన్నా?" అన్నాను.

"పెండ్లిచీరయితే మేం కొంగుతోనే మొదలుపెడతాం. చెయ్యి తాజాగా ఉన్నప్పుడే కష్టమైంది చేసుకోవల్ల," అన్నాడాయన, కాళ్లు ఆపకుండా.

మా వైపు నేసేటప్పుడు చీర ముఖం కిందికి ఉంటుంది, నేసేవాళ్లకు కనిపించేది వీపు. ముఖం చూడాలంటే కింద అద్దం పెట్టుకోవాలి. రవణమ్మక్క నా చేతికి చిన్న అద్దం ఇచ్చి, "కిందికి వంగి చూడమ్మా, నీ హంసలు ఎట్లొచ్చినాయో," అంది. వంగి చూశాను. మొదటి రెండు వరసలు చక్కగా ఉన్నాయి. మూడో వరసలో హంసల మెడ దగ్గర సన్నగా ఒక గీత, జరీ లేని చోటు. ఒక అట్ట తప్పయితే ఆ వరస అడ్డంగా అంతటా తప్పే. ఈ కొస నుంచి ఆ కొసదాకా ప్రతి హంసకూ ఒకేచోట మెడ తెగి ఉంది.

"బాగుండాదా?" అంది రవణమ్మక్క.

పైకి చూశాను. ఆమె ముఖం నవ్వుతోంది. "బాగుందక్కా," అన్నాను. అద్దం ఇచ్చేసి బయటికొచ్చాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు కూడా నాకు సిగ్గుగానే ఉంది.

దుకాణానికి వచ్చేసరికి కుళ్లాయప్పన్న కదిరి నుంచి వచ్చి ఉన్నాడు. వాళ్లక్కకు నయమైందని చెప్పాడు. నేను తలూపాను. అన్నం తినలేదు, క్యారేజీ సంచి తెరిస్తే అట్టలు కనిపిస్తాయని భయం. గంట, రెండు గంటలు గడిచాయి. ఆ మూడిళ్ల అవతలి మగ్గం చప్పుడు నాకు ఇక్కడికి వినిపిస్తూనే ఉంది. ఒక్కో చప్పుడుకు ఒక్కో పోగు పడుతోంది. తప్పు అట్టలు ఇంకా చాలా ఉన్నాయి గొలుసులో. మూడు కొట్టేసరికి ఆయన అలవాటు ప్రకారం కంప్యూటర్ వెనుక చెయ్యి పెట్టి చూశాడు. తర్వాత వంగి వాసన చూశాడు.

"దుమ్ము మాడిన వాసన వస్తాంది. నేను లేనప్పుడు దీన్ని యాడికి ఎక్కించినావు?"

"పద్దెనిమిదికి," అన్నాను. ఆ తర్వాత అంతా చెప్పేశాను. అద్దంలో చూసింది, బాగుందన్నది కూడా. ఏడుస్తూ చెప్పాను, సరిగ్గా వినిపించిందో లేదో.

ఆయన కేకలు వేస్తాడనుకున్నాను. కళ్లజోడు తీసి, దారం సరిచేసి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఆ అట్టలు తీసుకో. పా," అన్నాడు.

"ఇప్పుడే పోవాల్నా అన్నా? నాకు భయమైతాంది."

"భయమైతే కానీ. భయం తప్పేం కాదు. దాన్ని కూర్చోబెట్టుకుని ఏం చెప్తాదో ఇను. మూడు రోజులాయ, అది నీకు సరిగానే చెప్తాంది. నువ్వే ఇనలేదు."

ఆయన మోకాళ్ల నొప్పితో మెల్లగా నడిచాడు, నేను వెనుక. గడపలోకి అడుగు పెట్టగానే, "ఈశ్వరయ్యా, మగ్గం ఆపప్పా," అన్నాడు. మగ్గం ఆగింది. "అట్టల్లో తప్పుండాది. మా అంగట్లో జరిగిన తప్పు." అంతే చెప్పి ఊరుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. మిగతాది నేను చెప్పాలని నాకు అర్థమైంది. చెప్పాను.

రవణమ్మక్క నెత్తి కొట్టుకుంది. లగ్గం పెట్టుకుని ఇదేం కర్మ అని దేవుళ్లందరినీ తలుచుకుంది. ఈశ్వరయ్య అద్దం తీసుకుని వంగి చూశాడు, చాలాసేపు చూశాడు. లేచి నా వైపు తిరిగాడు.

"పోగు తప్పు అందరం చేస్తాం. నేనూ చేసినా. నువ్వు పొద్దున ఇదే అద్దంలో చూసి బాగుందన్నావు చూడు. అది చేయకుండా ఉండాల్సింది." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తప్పు వరస దాకా నేసిన పేకను, అంటే అడ్డపోగులను, వెనక్కి తీయాలి. పోగు పోగుగా, పడుగు తెగకుండా. నేయడం కన్నా తీయడం కష్టం. జరీ నలిగిపోతే మళ్లీ పనికిరాదు, తొందరపడి లాగితే పడుగు దారాలు తెగుతాయి. ఆ సాయంత్రమంతా, మరుసటి రోజంతా తీశారు. ఈశ్వరయ్య ఒక పక్క, రవణమ్మక్క ఒక పక్క. కుళ్లాయప్పన్న ఆ మోకాళ్లతోనే గుంట అంచున కూర్చుని తెగిన పడుగు దారాలను మెలిపెట్టి అతికాడు. నేసి ఎన్నో ఏళ్లయినా ఆ వేళ్లు మర్చిపోలేదు. మగ్గం మీది పట్టును నా చేతికి ఇవ్వలేదు వాళ్లు. ఇవ్వకపోవడమే న్యాయం. రవణమ్మక్క నా ముందు రాట్నం పెట్టి, "కండెలు చుట్టు. చీర అయ్యేదాకా రోజూ పొద్దున వచ్చి చుట్టు," అంది. పదహారు రోజులు తొలి బస్సుకు వచ్చి ఆ కండె గొట్టాలకు దారం చుట్టాను. ఆ రోజుల్లో నాకు నిద్ర సరిగా లేదు. కొత్త అట్టల మీద కూడా నమ్మకం లేక, రోజూ అద్దం అడిగి తీసుకుని కింద దూరి చూసేదాన్ని. మొదట్లో రవణమ్మక్క విసుక్కుంది. తర్వాత నేను రాగానే అడక్కుండానే అద్దం చేతికిచ్చేది. చీర లగ్గానికి ఒక్క రోజు ముందు ఊరు దాటింది. ఆ పెళ్లివాళ్ల నుంచి ఏ మాటా రాలేదు. మా పనిలో ఏ మాటా రాకపోవడమే మెప్పు.

కుళ్లాయప్పన్న ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. ఒక్కరోజు మాత్రం పక్కరేకు విప్పి, పెన్సిల్ నా చేతికిచ్చాడు. "నువ్వు పెట్టింది రాయి." పద్దెనిమిది అని రాశాను. "కొట్టెయ్." కొట్టేశాను. అంతే, రేకు బిగించి, టీ తెప్పించాడు. మర్నాడు కదిరికి పోతూ దుకాణం తాళాలు నా చేతికే ఇచ్చాడు. నేను తీసుకోవడానికి వెనకాడితే, "ఇంగ నీకన్నా జాగ్రత్తగా చూసేవాళ్లు నాకు యాడ దొరుకుతారు?" అన్నాడు. ఆ మాట మీద నేను ఆయన దగ్గర ఇంకో ఆరేళ్లు పనిచేశాను. చూపు మందగించాక దుకాణం మూసేశాడు, ఈ కంప్యూటర్ నాకిచ్చాడు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన లేడన్న సంగతి నాకు రోజూ మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి గుర్తొస్తుంది. ఆ వేళకు ఏ పనిలో ఉన్నా లేచి యంత్రాల వెనుక చెయ్యి పెట్టి చూస్తాను.

మొన్న ఈ పాతదాన్ని ఎందుకు విప్పానంటే, రవణమ్మక్క వచ్చింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. ఈశ్వరయ్యన్న ఇప్పుడు నేయడం లేదు, వాళ్ల కొడుకు అదే మగ్గం మీద నేస్తున్నాడు. ఇంకో పెళ్లిచీర పని, ఆ హంసల కొంగే కావాలట. ధర్మవరంలో ఎన్నో డిజైన్ దుకాణాలున్నా బస్సెక్కి బత్తలపల్లెకు వచ్చింది. ఆ కొంగు ఫైలు ఈ పాత కంప్యూటర్‌లోనే ఉంది, దాన్ని గీసిన పాత ప్రోగ్రామ్ కొత్తవాటిలో తెరుచుకోదు. దుమ్ము దులిపి వెలిగించాను. నీలం తెరలో అంకె పదహారే ఉంది. ఇప్పటి ప్రాసెసర్ల ముందు ఇదొక ముసలెద్దు. అంకె పెంచితే తట్టుకుంటుందో లేదో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు.

ఎండ పూర్తిగా ఎక్కనిచ్చి కొంగును మార్చాను. మళ్లీ మార్చాను. పోల్చాను, ఒకటే. అట్టలు కొట్టేసరికి పొద్దు వాలింది, రవణమ్మక్కను మా ఇంట్లోనే పడుకోమన్నాను. పొద్దున్నే వెలుతురు రాగానే కిటికీ దగ్గర నిలబడి మొదటి అట్ట ఎత్తాను. ఎనిమిది వందల అట్టలు. అన్నీ సరిగానే ఉంటాయని తెలుసు, అయినా ఒక్కోదాన్నీ బొమ్మతో పోల్చాను. ఆ భయం ఈ పదేళ్లలో పోలేదు. ఇక పోతుందని కూడా అనుకోను. రవణమ్మక్క గడపలో కూర్చుని రెండు గంటలు ఊరుకుంది. ఆమెకు అదే ఎక్కువ.

"ఏమ్మా సుజాతా, బాగుండాయా?" అంది.

అప్పటికి నాలుగు వందలు దాటాను. "ఉండక్కా. ఇంకా చూస్తాండా," అన్నాను.

ఆమె కాళ్లు చాపుకుని, గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుంది. నేను తర్వాతి అట్ట తీసి వెలుతురుకు ఎత్తాను.